గ్రేడును బట్టి గాలి

చోడిపల్లి మసేను రాసిన ఉత్తరం ముప్పావు పేజీ కూడా లేదు. ముత్యాలదిబ్బ దగ్గర సముద్రం లోపలికి దిగే సందర్శకుల కోసం ఇరవై వింగులు కావాలనీ, ఒక్కొక్కటీ పదమూడు కిలోలు తేల్చగలిగేదై ఉండాలనీ, అంతకంటే పెద్దవీ చిన్నవీ వద్దనీ రాశాడు. ఆ ముప్పావు పేజీ మూడంతస్తుల ఆఫీసును నాలుగు నెలలపాటు ఊపిరాడనివ్వదని అతనికి తెలియదు.

మసేను జాలరి ఇంట పుట్టినవాడు. ఇరవై ఏళ్లు హార్బరులో ఓడల కిందికి దిగి, పంకాలకు చుట్టుకున్న తాళ్లు కోసి, మునిగిన ఇనుము పైకి తీసి బతికాడు. తూర్పుతీర అంతర్జల వినోదాభివృద్ధి సంస్థ పెట్టాక అతన్ని పిలిచి శిక్షకుడిగా వేసుకున్నారు. సంస్థలో నూట పన్నెండు మంది ఉద్యోగులు ఉండేవారు. అందులో ఈత వచ్చినవాళ్లు పదకొండు మంది. సముద్రం అడుగు చూసినవాడు మసేను ఒక్కడే, అతను ఔట్‌సోర్సింగ్.

వింగు అంటే పెద్ద విషయమేమీ కాదు. మనిషి వీపుకూ సిలిండరుకూ మధ్య ఉండే గాలి సంచి. ఒక మీట నొక్కితే సిలిండరులో గాలి అందులోకి పోయి మనిషి తేలతాడు. రెండో మీట నొక్కితే ఆ గాలి బయటికి పోయి దిగుతాడు. సంచి మరీ చిన్నదైతే పైకి వచ్చాక కూడా తల నీళ్లమీద నిలవదు. మరీ పెద్దదైతే గాలి ఏదో మూల చిక్కుకుపోయి, మనిషి ఆగాలనుకున్నా ఆగకుండా పైకి తన్నుకొస్తాడు. మన సముద్రంలో, పల్చటి సూటుతో, ఒక్క సిలిండరుతో దిగేవాడికి పదమూడు కిలోలు చాలు. ఈ సంగతి మసేను ఉత్తరంలో రెండు వాక్యాల్లో రాశాడు.

మూడు వారాలకు జాయింట్ డైరెక్టర్ లింగేశ్వరరావు గారి దగ్గరినుంచి పిలుపొచ్చింది. సంస్థలో కొనుగోళ్లన్నీ ఆయన చేతిమీదుగానే జరగాలి. ఆయన గదిలో ఫైలు తెరిచి ఉంది. ముప్పావు పేజీ ఉత్తరం అప్పటికి అరవై పేజీలు అయింది. వింగు అనే మాటను ఎవరో ‘ఉత్ప్లవన పక్షం’ అని తెలుగు చేశారు. న్యాయ విభాగం వారు ‘ఇది అధికార పక్షమా, ప్రతిపక్షమా స్పష్టం చేయగలరు’ అని మార్జిన్‌లో రాశారు.

లింగేశ్వరరావు గారు కళ్లద్దాలు సర్దుకున్నారు. "మీ ప్రతిపాదనలో ఒక మౌలికమైన లోపం కనిపిస్తున్నది. అందరికీ పదమూడు కిలోలే అంటున్నారు. ఏ ప్రాతిపదిక మీద?"

"మనిషి తేలాలండి. అదే పాతిపదిక" అన్నాడు మసేను.

"గౌరవనీయ మేనేజింగ్ డైరెక్టర్ వారికీ పదమూడేనా?"

"ఆయన దిగితే ఆయనకీ అంతేనండి."

"అటెండరుకు?"

"అటెండరు దిగినా అదేనండి బాబూ. సముద్రానికి పెద్ద సారు, సిన్న సారు అని తెలీదు గదండి."

లింగేశ్వరరావు గారు కలం మూత పెట్టారు. సంస్థలో ఆయన కలం మూత పెట్టడమంటే కోపం వచ్చినట్టు. "మేనేజింగ్ డైరెక్టర్ గారి కుర్చీకి తోలు. నాది రెక్సిన్. సూపరింటెండెంట్‌కు ప్లాస్టిక్ అల్లిక. అటెండరుకు స్టూలు. ఈ వ్యవస్థ ఇన్నేళ్లుగా నిలబడింది దేనిమీద అనుకుంటున్నారు? ఒడ్డు దాటగానే అది రద్దయిపోవాలా?"

కుర్చీ చిన్నదైతే ఎవరూ చచ్చిపోరని అనబోయి, మసేను నోరు నొక్కుకుని వచ్చేశాడు.

సరిగ్గా ఆ వారమే మేనేజింగ్ డైరెక్టర్ గారికి ఒక ఉత్సాహం పుట్టింది. ఆయన ఏదో సదస్సుకు వెళ్లి, నాయకుడు ముందుండి నడిపించాలని విని వచ్చారు. సందర్శకులు సముద్రంలోకి దిగడానికి భయపడుతున్నారు కాబట్టి ముందు సంస్థే దిగి చూపించాలన్నారు. ‘ప్రతి ఉద్యోగీ ఒక జలచరం’ అని నినాదం తయారైంది. గోడలకు ఎక్కింది, ఉత్తరాల తల మీద అచ్చయింది. తొలి విడతకు నాలుగు గ్రేడుల నుంచి ఒక్కొక్కరి పేరు తీశారు. పై నుంచి మేనేజింగ్ డైరెక్టర్, లింగేశ్వరరావు గారు, మధ్యలో స్టోర్స్ సూపరింటెండెంట్ కృపామణి, అడుగున అటెండరు కోరాడ గవరయ్య.

గవరయ్యకు రిటైర్‌మెంట్ పదకొండు నెలల్లో ఉంది. వెదురుకర్రలాంటి మనిషి. పేరు వచ్చిందని తెలిసి మసేను దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"ఒరే మసేనూ, నాను దిగనని సెప్పీగలవేట్రా?"

"సెప్పేను బాబాయ్. ఒంట్లో బాగోలేదని కాయితం తెమ్మంటన్నారు."

"కాయితం పెడితే పెన్షను ఫైలు మీద ఏటి రాసెత్తారో! ఒద్దులే. దిగుతాను. నువ్వుంటావు గదా?"

"ఉంతాను" అన్నాడు మసేను.

నెల తిరక్కుండా సర్క్యులర్ వచ్చింది. మసేను దాన్ని నోటీసు బోర్డు దగ్గర నిలబడి రెండుసార్లు చదివాడు. మేనేజింగ్ డైరెక్టర్ గారికి నలభై కిలోల వింగు. జాయింట్ డైరెక్టర్‌కు ఇరవై ఏడు. డిప్యూటీ డైరెక్టర్లకు ఇరవై. సూపరింటెండెంట్లకు పదమూడు. గుమాస్తాలకు ఎనిమిది. అటెండర్లకు మూడు. నలభై కిలోలవి చలి దేశాల్లో రెండేసి సిలిండర్లు మోసేవాళ్ల కోసం చేసినవి. మూడు కిలోలవి ఎక్కడా దొరక్క, స్విమ్మింగ్ పూల్లో పిల్లలు పట్టుకుని ఆడే గాలి సంచులకు బెల్టులు కుట్టించారు.

చివరి పేరాను మసేను వేలు పెట్టి మూడోసారి కూడా చదివాడు. నీళ్లలోకి దిగేవాళ్లు నడుముకు కట్టుకునే సీసం బరువు గురించి అందులో రాశారు. మనిషి ఒళ్లును బట్టి ఒకరికి మూడు కిలోలు, ఒకరికి ఆరు, ఒక్కొక్కరికి అసలు అక్కర్లేదు. సర్క్యులర్ మాత్రం ‘బరువు విషయంలో సంస్థ ఎవరిపట్లా వివక్ష చూపదు. హోదాతో నిమిత్తం లేకుండా ప్రతి ఒక్కరికీ ఎనిమిది కిలోల సీసం సమానంగా కేటాయించడమైనది’ అని సగర్వంగా ప్రకటించింది. మోసే బరువు అందరికీ సమానం, తేల్చే గాలి గ్రేడును బట్టి. దాని కింద ఇంకో వాక్యం ఉంది. ఔట్‌సోర్సింగ్ సిబ్బంది సంస్థ ఉద్యోగులు కారు కనుక వారికి ఉత్ప్లవనార్హత లేదు. అంటే మసేనుకు వింగే లేదు.

మసేను నేరుగా లింగేశ్వరరావు గారి గదిలోకి వెళ్లాడు. లోపలికి రమ్మనే దాకా ఆగలేదు.

"బాబూ, గవరయ్య సన్నటి మనిషండి. ఆయనకి సీసం అక్కర్లేదు. ఎనిమిది కిలోలు కట్టి మూడు కిలోల సంచి ఇత్తే తిన్నగా అడుగుకి పోతాడండి. పెద్దసారుకి నలభై ఇత్తే ఆయన దిగనే దిగలేరు. దిగినా పైకి ఇసిరేత్తాది. నా మాట ఇనండి."

"మీ భౌతికశాస్త్రం సేవా నిబంధనల్లో ఏ క్లాజులో ఉంది?"

"నాకు కలాజులు తెలీవండి. నీల్లు తెలుసు."

"మీకు అభ్యంతరం అయితే చెప్పండి. స్విమ్మింగ్ పూల్ శుభ్రం చేసే కాంట్రాక్టరు సిద్ధంగా ఉన్నాడు. ఆయనకు అభ్యంతరాలు లేవు."

పూల్ కడిగేవాణ్ని మసేను గవరయ్య పక్కన నీళ్లలో ఊహించుకున్నాడు. "నానే దిగుతాను" అని బయటికి వచ్చాడు.

దిగే రోజు పొద్దున కనీసం గవరయ్య నడుము నుంచి నాలుగు సీసం దిమ్మలు తీసేద్దామనుకున్నాడు. అదీ కుదరలేదు. ఎవరైనా బరువు తగ్గించుకుని తమ అర్హతకు మించి తేలతారేమోనని లింగేశ్వరరావు గారికి ముందే అనుమానం వచ్చింది. ప్రతి బెల్టు బకిలుకూ సన్నటి ఇనుప తీగ చుట్టి, లక్కతో సంస్థ ముద్ర వేయించారు. ఆపదలో ఒక్క చేత్తో లాగితే ఊడిపోవాలని తయారుచేసిన బకిలు అది.

ఒడ్డున షామియానా వేశారు. బ్యాండు పెట్టారు. పడవ మీద మేనేజింగ్ డైరెక్టర్ గారు నలభై కిలోల వింగుతో కూర్చుంటే పక్కన ఎవరికీ చోటు చాలలేదు. రెండువైపులా వేలాడుతున్న ఆ సంచిని ఫొటోలో బాగా పడేలా ఇద్దరు గుమాస్తాలు ఎత్తి పట్టుకున్నారు. గవరయ్య వీపున చేతి రుమాలంత సంచి ఉంది. మసేను వీపున సిలిండరు తప్ప ఏమీ లేదు. అతను సీసం కట్టుకోలేదు. నడుముకు కత్తి మాత్రం కట్టుకున్నాడు.

"అక్కడ ఎనిమిది మీటర్లే లోతండి" అని నలుగురికీ చెప్పాడు. "ఊపిరి బిగబట్టకండి. పైకి వచ్చీటప్పుడు గాలి వదుల్తూ రండి. లంగరు తాడు వదలకండి."

"మేము ప్రజెంటేషన్ చూశాము" అన్నారు లింగేశ్వరరావు గారు.

ముందు మేనేజింగ్ డైరెక్టర్ గారు దిగారు. దిగారనడం కంటే నీళ్లమీద పరుచుకున్నారనడం సరిగ్గా ఉంటుంది. ఆయన గాలి వదిలే మీట నొక్కుతూనే ఉన్నారు. ఆ వింగు రెండు అంచులూ సిలిండరు చుట్టూ మసాలా దోసెలా చుట్టుకుపోయి, మడతలో గాలిని బిగించి పట్టుకుంది. ఆయన వెల్లకిలా తిరిగి, పొట్ట ఆకాశం వైపు పెట్టి, నాలుగు కాళ్లూ ఆడించే తాబేలులా అక్కడక్కడే తిరగసాగారు. ఒడ్డున చప్పట్లు మోగాయి. బ్యాండువాళ్లు పాట అందుకున్నారు.

లింగేశ్వరరావు గారు ఐదు మీటర్లు దిగారు. కాళ్లకింద నీలిచీకటి కనిపించేసరికి గాలి నింపే మీటను పిడికిలితో పట్టుకుని వదల్లేదు. ఇరవై ఏడు కిలోల సంచి ఉబ్బి ఆయన్ని పైకి విసిరింది. దారిపొడుగునా ఆయన నోట్లోని గొట్టంలోంచే కేకలు పెడుతూ వచ్చారు. అదే ఆయన్ని బతికించింది. గాలి బిగబట్టి వచ్చి ఉంటే ఊపిరితిత్తులు చిట్లేవి. సంస్థలో ఆయన అరుపు ఒక మనిషికి మేలు చేయడం అదే మొదటిసారి.

కృపామణి గారికి మాత్రం ఏమీ కాలేదు. ఆవిడ కాస్త ఒళ్లున్న మనిషి, ఎనిమిది కిలోల సీసం ఆవిడకు ఇంచుమించు సరిపోయింది. గ్రేడు ధర్మమా అని పదమూడు కిలోల వింగు దక్కింది. తాడు పట్టుకుని మెల్లగా దిగి, రాళ్ల మధ్య పసుపు చారల చేపలను చూస్తూ నిలబడిపోయింది.

మసేను ఇవేవీ పట్టించుకోలేదు. గవరయ్య చెయ్యి పట్టుకునే దిగాడు. గవరయ్య చెయ్యి తాడు మీద నిలవలేదు. బరువుకు జారిపోయి, మసేనును కూడా లాక్కుంటూ ఇసుకలో మోకాళ్లమీద పడ్డాడు. మీట నొక్కాడు. రుమాలంత సంచి నిండింది, మనిషి కదల్లేదు. కాళ్లు తన్నాడు. ఇసుక లేచి ఇద్దరికీ కళ్లు కనబడకుండా పోయింది. గవరయ్య ఊపిరి వేగం పెరిగింది. బుడగలు ఆగకుండా పోతున్నాయి. నోట్లోని గొట్టాన్ని పీకేయబోతుంటే మసేను ఒక అరచేత్తో దాన్ని మూతికి అదిమిపట్టి, రెండో చేత్తో బకిలు లాగాడు. రాలేదు. తీగ ఉంది, లక్క ఉంది, లక్క మీద సంస్థ ముద్ర ఉంది.

కత్తి తీసి తీగ కోశాడు. అది తెగడానికి పట్టిన సమయంలో మసేను తన ఇద్దరు కూతుళ్లనూ తలుచుకున్నాడు, కాంట్రాక్టరును తలుచుకున్నాడు, లింగేశ్వరరావు గారిని కూడా తలుచుకున్నాడు. బెల్టు ఇసుకలో పడింది. గవరయ్యను నడుము దగ్గర పట్టుకుని, వేగం పెరక్కుండా కాళ్లతో అదుపు చేస్తూ పైకి తెచ్చాడు.

పడవలోకి లాగాక గవరయ్య ఉప్పునీళ్లు కక్కాడు. కళ్లు తెరిచేసరికి ఎదురుగా తడిసి ముద్దయిన లింగేశ్వరరావు గారు కనిపించారు. గవరయ్య లేవబోయి లేవలేక, పడుకునే చేతులు జోడించాడు.

"తప్పైపోనాది బాబూ" అన్నాడు.

వారం తిరక్కముందే విచారణ మొదలైంది. ముగ్గురు సభ్యుల సంఘం పెట్టారు. వింగుల పరిమాణం హోదాలకు ఖచ్చితమైన నిష్పత్తిలో ఉందని, కనుక వింగుల్లో ఎటువంటి దోషమూ లేదని సంఘం తేల్చింది. మేనేజింగ్ డైరెక్టర్ గారు నీటి ఉపరితలాన్ని తనిఖీ చేసినట్టు నమోదు చేశారు. లింగేశ్వరరావు గారు అత్యంత వేగంగా విధి ముగించినట్టు రాశారు. మసేనుకు మెమో ఇచ్చారు, సంస్థ ముద్రను కత్తితో ఛేదించినందుకు. గవరయ్యకు ఇంకో మెమో ఇచ్చారు.

గవరయ్య దాన్ని కృపామణి గారి బల్ల దగ్గరికి తెచ్చి చదివి పెట్టమన్నాడు. అక్కడే మసేను కూడా ఉన్నాడు. ఆవిడ చదివింది.

"‘మూడు కిలోల ఉత్ప్లవనార్హత మాత్రమే కలిగిన తాము, సదరు తేదీన, పై అధికారుల సమక్షంలో, తమ హోదాకు మించి పైకి వచ్చినట్లు మా దృష్టికి వచ్చినది. దీనికి సంజాయిషీ ఇవ్వవలెను.’"

"అంటే ఏటమ్మా?" అన్నాడు గవరయ్య.

"అంటే బతికినందుకు" అంది ఆవిడ.

"మల్లీ దిగమంటన్నారంట గదా?"

"పద్దెనిమిదో తారీఖున. ఈసారి లోతు కూడా గ్రేడును బట్టే. పై అధికారులు పైన, కింది ఉద్యోగులు కింద. మీకు పన్నెండు మీటర్లు రాశారు."

గవరయ్య గోడ పక్కన తన స్టూలు మీద కూర్చున్నాడు. మసేనుకు ఒళ్లు మండిపోయింది. "నాను పోలీసుల కాడికి ఎల్తాను మేడమ్. పేపరోల్లకి సెప్తాను. ఈల్లు మనుసుల్ని సంపెత్తారు."

"వెళ్తే ఇంకో విచారణ సంఘం వేస్తారు. దానికి లింగేశ్వరరావు గారే అధ్యక్షులు" అంది కృపామణి. ఆవిడ ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ ఆఫీసులో ఫైళ్లు చూస్తోంది. కలం మూత తీసింది. "మసేను గారూ, అందరికీ ఎంత కావాలి మీకు?"

"పదమూడు."

"పదమూడు ఏ గ్రేడుది?"

"సూపరింటెండెంటుది."

"అయితే వింగులు మార్చమని ఎందుకు అడుగుతారు? మనుషుల్ని మారుద్దాం."

ఆవిడ తెల్లకాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టింది. సంస్థ భాష ఆవిడకు మంచినీళ్లప్రాయం. ‘జలాంతర తాత్కాలిక సమహోదా’ అని శీర్షిక పెట్టింది. నీటి లోపల ఉన్న ప్రతి వ్యక్తినీ, ఉద్యోగి అయినా, ఔట్‌సోర్సింగ్ అయినా, సందర్శకుడైనా, తల మునిగిన క్షణం నుంచి తల పైకి వచ్చే క్షణం వరకు సూపరింటెండెంటుగా పరిగణించవలెను. అట్టి సూపరింటెండెంటు ధరించవలసిన సీసమును శిక్షకుని సలహాపై తానే నిర్ణయించుకొనవచ్చును. బకిలుకు ముద్ర అక్కరలేదు. తల పైకి వచ్చిన మరుక్షణం ఎవరి హోదా వారికి సంక్రమించును. ఆఖరున ఒక వాక్యం విడిగా రాసి కింద గీత గీసింది. సూపరింటెండెంటు కంటే పై హోదాగల అధికారులు నీట మునిగినచో అది పదావనతి అగును గనుక, వారి గౌరవ పరిరక్షణార్థం వారు ఒడ్డునుండియే పర్యవేక్షించవలెను.

"సంతకం పెడతారంటారా?" అన్నాడు మసేను.

"ఆ ఆఖరి వాక్యం చదివితే పెడతారు."

ఫైలు లోపలికి వెళ్లింది. లింగేశ్వరరావు గారికి సముద్రంలోకి దిగిన రోజు నుంచి స్నానాలగదిలో బకెట్టు చూసినా గుండె దడగా ఉంటోంది. ఆఖరి వాక్యాన్ని ఆయన మూడుసార్లు చదివారు. సంతకం పెట్టి, తానే స్వయంగా మేనేజింగ్ డైరెక్టర్ గారి గదికి మోసుకెళ్లారు. అక్కడా అంతే. సంస్థ చరిత్రలో పావుగంటలో బయటికి వచ్చిన ఫైలు అదొక్కటే. అధికారుల గౌరవాన్ని కాపాడే విషయంలో కృపామణి చూపిన శ్రద్ధను ప్రశంసిస్తూ కింద ఒక ముక్క కూడా రాశారు.

నెలాఖరుకు ఇరవై వింగులు వచ్చాయి. అన్నీ పదమూడు కిలోలవే. మసేను నాలుగు నెలల కిందట అడిగినవి అవే. నలభై కిలోల వింగును గాజు పెట్టెలో పెట్టి ఆఫీసు వరండాలో నిలబెట్టారు. దాని కింద మేనేజింగ్ డైరెక్టర్ గారు సముద్రం మీద వెల్లకిలా ఉన్న ఫొటో, ‘ముందుండి నడిపించిన నాయకుడు’ అన్న అక్షరాలు ఉన్నాయి.

వాయిదాపడ్డ పద్దెనిమిదో తారీఖు దిగుడు ఆ తరవాతి నెలలో జరిగింది. షామియానా కింద మేనేజింగ్ డైరెక్టరూ లింగేశ్వరరావు గారూ కొబ్బరిబోండాలు తాగుతూ పర్యవేక్షించారు. గవరయ్య పడవ అంచున కూర్చున్నాడు. ఒంటికి సూటు ఉంది, అది తేల్చేయకుండా నడుముకు సీసం రెండు కిలోలే ఉంది, వీపున సరైన వింగు ఉంది.

"దిగుదామా సూపరింటెండెంట్ గోరూ?" అన్నాడు మసేను.

"నవ్వకురా" అన్నాడు గవరయ్య. తనూ నవ్వుతూనే నోట్లో గొట్టం పెట్టుకున్నాడు.

ఈసారి మునిగిపోలేదు, తన్నుకుపోలేదు. ఆరు మీటర్ల దగ్గర మసేను చూపించినట్టు మీట రెండుసార్లు చిన్నగా నొక్కాడు. అంతే, నీళ్ల మధ్యలో నిలబడిపోయాడు. ఎవరూ పట్టుకోకుండా, దేన్నీ పట్టుకోకుండా, కిందికీ పైకీ కాకుండా. ముప్పై ఏడేళ్లు తలుపుల బయట స్టూలు మీద కూర్చున్న మనిషి, కాళ్లు చాపుకుని, చేతులు కట్టుకుని, రాళ్ల మీద తిరిగే చేపలను ఒక్కొక్కదాన్నే పరీక్షగా చూడసాగాడు. ఒక పెద్ద చేప దగ్గరికొచ్చి ఆగింది. గవరయ్య దాన్ని చాలాసేపు ఆగనిచ్చి, తల ఊపి పంపేశాడు.

సిలిండరులో గాలి తగ్గింది. మసేను గాలి ఎంతుందో చెప్పే గేజీ చూపించి, బొటనవేలు పైకెత్తాడు. ఇక పైకి వెళ్దాం అని దాని అర్థం.

గవరయ్య అతనివైపు తల తిప్పలేదు. కుడిచెయ్యి కొంచెం పైకెత్తి, అరచెయ్యి చూపించి, మెల్లగా దించాడు. తర్వాత రమ్మన్నట్టు.

మసేను గేజీ మరోసారి చూశాడు. ఇంకా మూడు నిమిషాలకు సరిపడా గాలి ఉంది. అతను చేతులు కట్టుకుని, కాస్త వెనక్కి జరిగి, ఆగాడు.